జైల్లో ఉంచితే గంజాయి మానేస్తాడా? కోర్టును వైద్యం అడగొచ్చా?

మీరు రాసింది నాకర్థమైనంతలో ముందు చెప్తాను. మీ తమ్ముడికి 24 ఏళ్లు, మీది రాజోలు దగ్గర లంక. 300 గ్రాముల గంజాయి దొరికిందని కేసు పెట్టి నిన్న రిమాండుకు పంపారు. ఇప్పుడు సబ్‌జైల్లో ఉన్నాడు. రెండేళ్లుగా తనలో తను మాట్లాడుకుంటున్నాడు, ఎవరో తిడుతున్నారంటాడు, రాత్రి నిద్ర ఉండదు, గంజాయితో పాటు రోజూ మందు తాగడం కూడా ఉంది. బెయిలు తెస్తే మళ్లీ ఆ జట్టులోకే పోతాడని, నాలుగు నెలలు లోపలుంటే అన్నీ మానేసి వస్తాడని మీ నాన్నగారంటున్నారు. మీకు మాత్రం వైద్యం చేయించాలని ఉంది. జైల్లో వైద్యం దొరుకుతుందా, కోర్టును అడగొచ్చా అన్నారు.

అడగొచ్చమ్మా. అడగాలి కూడా. బెయిలు పిటిషను, వైద్యం పిటిషను రెండూ ఒకే రోజు వేయించండి. మానేస్తాడన్న ఆశతో లోపల ఉంచకండి. కేజీ లోపు గంజాయి కేసులో, పూర్తిగా వైద్యం చేయించుకున్న వ్యసనపరుడి మీద కేసు నడపకుండా వదిలే వీలు చట్టంలోనే ఉంది. దాని గురించి కింద రాస్తాను. నేను కోనసీమ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే లాయర్ని, న్యాయసేవా సంస్థ తరఫున సబ్‌జైళ్లకూ వెళ్తుంటాను. వైద్యం గురించి ఇక్కడ రాసేవి మానసిక వైద్యులతో కలిసి కేసులు నడుపుతూ నేర్చుకున్నవి.

వీటన్నిటికంటే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది గంజాయి కాదు, "రోజూ మందు" అన్న మాట.

రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కంగారు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు కనిపిస్తాయి, ఎవరో చంపడానికి వస్తున్నారని అరుస్తారు, ఒళ్లు కాలిపోతుంది, గుండె దడదడలాడుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మందులు కొత్తవేం కాదు, ఖరీదైనవీ కాదు. డయాజెపామ్, లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటివి డాక్టరు మోతాదు తగ్గించుకుంటూ ఇస్తారు. వాటితో పాటు థయమిన్, అంటే బి1 విటమిన్. గ్లూకోజు ఎక్కించాల్సి వస్తే దానికంటే ముందే థయమిన్ పడాలి.

మామిడికుదురు వైపు కొబ్బరి దింపు తీసే మనిషి ఒకాయన, భార్యను కొట్టిన కేసులో లోపలికొచ్చాడు. మూడో రాత్రి బ్యారక్‌లో ఒకటే కేకలు. పక్కన పడుకున్నవాళ్లు దయ్యం పట్టిందన్నారు, ఇంకొందరు బయటికి పోవడానికి నాటకమన్నారు. అలాంటివి చూసిన పాత వార్డరు ఒకాయన ఉండబట్టి అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపించారు, బతికాడు. రిమాండుకు ముందు చేసిన వైద్య పరీక్ష కాగితం తర్వాత నేను చూశాను. గాయాలు లేవు అని మాత్రం ఉంది. రోజుకు ఎంత తాగుతావు, ఆఖరిసారి ఎప్పుడు తాగావు అని ఎవరైనా అడిగిన ఆనవాలు అందులో లేదు. అరెస్టయిన ప్రతి మనిషికీ డాక్టరు పరీక్ష చేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షను చెబుతోంది. చేస్తారు కూడా. కాకపోతే ఆ పరీక్షలో అందరూ వెతికేది దెబ్బల కోసం.

కాబట్టి ఈ రోజే తెల్ల కాగితం మీద సబ్‌జైలు సూపరింటెండెంటు పేర ఒక అర్జీ రాయండి. తమ్ముడు రోజుకు సుమారు ఎంత తాగుతాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, గతంలో ఫిట్స్ వచ్చాయా, చెవిలో మాటలు వినపడతాయంటాడా, ఎప్పుడైనా చచ్చిపోతానన్నాడా, ఇవన్నీ రాసి వెంటనే డాక్టరుకు చూపించమని అడగండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం పెట్టించుకోండి. ములాఖత్, అంటే జైల్లో కలిసే అవకాశం, దొరికితే చేతులు వణుకుతున్నాయేమో చూడండి. ఆ సంతకం ఉన్న కాగితం రేపు కోర్టులో మీ లాయరుకు ఎంత పనికొస్తుందో ఇప్పుడు మీకు తెలియదు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన్ను తప్పుపట్టలేను. కొడుకు కోసం అర్ధరాత్రి గట్ల మీద వెతుక్కుంటూ తిరిగిన తండ్రికి, ఫలానా చోట తాళం వెనక ఉన్నాడన్న నమ్మకమే పెద్ద ఊరట. అలాంటి తండ్రులను చాలామందిని చూశాను. కానీ అందుబాటులో లేక మానడం వేరు, జబ్బు తగ్గడం వేరు. గంజాయి ఆగిన మొదటి వారంలో చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం ఎక్కువగా ఉంటాయి. రెండు మూడు వారాలకు తగ్గుతాయి. అప్పుడు మనిషి తేటగా కనిపిస్తాడు, ఇంట్లోవాళ్లు బాగుపడ్డాడనుకుంటారు. కోరిక మాత్రం పోదు. బయటికొచ్చి పాత రేవు దగ్గర పాత స్నేహితుడు ఎదురుపడిన రోజునే లేస్తుంది. దాన్ని తట్టుకోవడం నేర్పేవాళ్లు సబ్‌జైల్లో ఉండరు. మానసిక వైద్యుడూ ఉండడు. రాజమహేంద్రవరం సెంట్రల్ జైలులో ఆసుపత్రి ఉంది గానీ మన సబ్‌జైళ్లలో పరిస్థితి వేరు. ఇక మీ తమ్ముడికి వినపడే ఆ తిట్లు, అవి జైలు గోడల మధ్య, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య, నిద్ర లేకుండా ఉంటే పెరుగుతాయి తప్ప తగ్గవు.

ఇప్పుడు చట్టం. మీ కేసు ఎన్‌డీపీఎస్ చట్టం, 1985, అంటే మత్తుమందుల కేసులు చూసే చట్టం కింద ఉంటుంది. గంజాయి కేజీ లోపు ఉంటే చిన్న మొత్తం. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కేజీ దాటి 20 కేజీల లోపైతే పదేళ్ల దాకా పడుతుంది. 20 దాటితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష, బెయిలుకు 37వ సెక్షను పెట్టిన గట్టి షరతులు. మీది 300 గ్రాములు కాబట్టి ఆ షరతులు మీకు అడ్డు రావు. ఎఫ్ఐఆర్‌లో, మధ్యవర్తుల నివేదికలో, అంటే సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ఎదుట రాసిన పంచనామాలో, బరువు ఎంత రాశారో మాత్రం మీ కళ్లతో చూసుకోండి.

64ఏ సెక్షను మీకు అన్నిటికంటే ముఖ్యం. గంజాయి తాగిన కేసులో గానీ, చిన్న మొత్తం కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో వైద్యం చేయించుకుంటే అతని మీద ఆ కేసు నడపకూడదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. ఇందులో ప్రతి మాటా ముఖ్యమే. "తనంతట తాను" అంటే ఒప్పుకోవాల్సింది మీ తమ్ముడు, మీరు కాదు. "వ్యసనపరుడు" అని ఆసుపత్రి కాగితం చెప్పాలి, లేకపోతే ఇతను తాగేవాడు కాదు అమ్మేవాడు అని ప్రాసిక్యూషన్ వాదిస్తుంది. "గుర్తింపు" లేని ప్రైవేటు సెంటర్లో లక్ష ఖర్చుపెట్టినా ఈ సెక్షను కింద లెక్కలోకి రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేను వ్యసనపరుణ్ణి అని ఒప్పుకోవడమంటే వాడానని ఒప్పుకోవడమే కదా, అదే కేసుకు బలం కాదా అని మీకు అనుమానం రావాలి. వస్తే మంచిదే. అందుకే ఆ మాట స్టేషన్లో చెప్పే మాట కాదు, లాయరు ద్వారా, 64ఏ కింద వేసిన పిటిషనులో చెప్పే మాట.

రెండో దారి 39వ సెక్షను. నేరం రుజువయ్యాక కూడా, వయసు, గత నడత, ఒంటి స్థితి, మనసు స్థితి చూసి, అతని అంగీకారంతో, జైలుకు బదులు వైద్యానికి పంపవచ్చు. బాండు రాయించుకుంటారు, ఏడాదిలోపు వైద్యం ఫలితం కోర్టుకు చెప్పాలి. ఇది దోషి అని తేలిన తర్వాత పనికొచ్చేది. 64ఏ దానికంటే ముందే పనికొస్తుంది. అందుకని ముందు 64ఏ అడగాలి.

కోర్టు ఆవరణలో ఎవరో ఒకరు మీ దగ్గరకొచ్చి, "ఒప్పేసుకోమనండి, జరిమానాతో పోతుంది, ఎందుకీ తిరుగుడు" అంటారు. ఒప్పుకోనివ్వకండి. జరిమానా కట్టి సాయంత్రానికి ఇంటికొస్తాడు నిజమే. దానితో పాటు శిక్ష పడ్డవాడన్న ముద్రా వస్తుంది, రేపు ఉద్యోగానికో గల్ఫ్ ప్రయాణానికో అది అడ్డం నిలబడుతుంది. వైద్యం మాత్రం ఒక్క రోజు కూడా జరగదు. ఇలా జరిమానా కట్టి వెళ్లిన పిల్లలు కొద్ది నెలల్లోనే రెండో కేసులో రావడం చూశాను. ఈసారి సంచి బరువు పెరిగి ఉంటుంది. ఎందుకంటే తాగడానికి డబ్బు చాలనివాడికి మోయడమే పని అవుతుంది. ఏజెన్సీ నుంచి తుని మీదుగా వచ్చే సరుకులో పట్టుబడేవాళ్లలో ఇలాంటి కుర్రాళ్లు ఎందరో. పెట్టుబడి పెట్టినవాడు ఎక్కడో ఉంటాడు.

మీ తమ్ముడిలో ఇంకో సంగతి ఉంది, అది గంజాయి కంటే లోతైనది కావచ్చు. రెండేళ్లుగా మాటలు వినపడుతున్నాయంటే అది గంజాయి వల్ల వచ్చిందో, విడిగా ఉన్న జబ్బో మానసిక వైద్యుడే తేల్చాలి. గంజాయి ఆగి నెల దాటినా ఆ లక్షణాలు తగ్గకపోతే విడిగా జబ్బు ఉందేమోనని డాక్టర్లు చూస్తారు. ఇక్కడే మన కుటుంబాలు నలిగిపోయేది. మందు మాన్పించే సెంటరువాళ్లు "పిచ్చి లక్షణాలున్నాయి, ముందు ఆ వైద్యం చేయించండి" అంటారు. మానసిక విభాగానికి పోతే "ముందు గంజాయి మాన్పించి తీసుకురండి" అనేవాళ్లూ ఉన్నారు. అమ్మానాన్నలు బస్సుల్లో తిరుగుతూనే ఉంటారు. ఒకే మనిషికి ఉన్న రెండు జబ్బులకు ఒకే చోట, ఒకే సమయంలో వైద్యం జరగాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే చేర్చింది. ఎవరైనా మిమ్మల్ని ఇటు నుంచి అటు తోసేస్తే ఈ మాట గట్టిగా చెప్పండి.

అదే చట్టం 103వ సెక్షను ఖైదీల గురించి. మానసిక జబ్బు ఉన్న ఖైదీని జైలు వైద్య విభాగంలోని మానసిక వార్డులో ఉంచాలి, అది లేని చోట బయటి మానసిక ఆసుపత్రికి మార్చవచ్చు. మనకు దగ్గర్లో కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి) మానసిక విభాగం ఉంది, అంతకు మించి అవసరమైతే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల. పిటిషను వేసేటప్పుడు "తగిన వైద్యం అందించాలి" అని ఊరికే రాయిస్తే లాభం లేదు. ఫలానా ఆసుపత్రిలో, ఫలానా తేదీలోపు, మానసిక వైద్యుడికి చూపించి నివేదిక కోర్టుకు పంపాలని, అందుకు ఎస్కార్టు ఏర్పాటు చేయాలని అడగాలి. ఎస్కార్టు పోలీసులు లేరన్న ఒక్క కారణంతో అపాయింట్‌మెంట్లు వారాల తరబడి వాయిదా పడటం నాకు మామూలుగా కనిపించే సంగతి. తేదీ కోర్టు ఉత్తర్వులో ఉంటే అడగడానికి మనకు ఒక ఆధారం ఉంటుంది.

ముమ్మిడివరం వైపు ఒక కుర్రాడు. పొరుగువాళ్ల గడ్డివాములు తగలబెట్టాడని కేసు. గంజాయి అలవాటు ఉంది, దానికంటే ముందు నుంచే జబ్బూ ఉంది. రిమాండు పొడిగింపులన్నీ వీడియోలో జరిగేవి. పేరు పిలిస్తే "ఆఁ" అనేవాడు, అక్కడితో ఆ రోజు పని అయిపోయేది. తెర మీద ఒక ముఖం కనిపిస్తే అతనికి ఏం అర్థమవుతోందో, లేదో ఎవరికి తెలుస్తుంది? వాళ్లమ్మ పాత ఆసుపత్రి చీటీలు బియ్యం డబ్బాలో దాచి ఉంచడం మా అదృష్టం. అవి పెట్టి, తన కేసులో తాను వాదించుకునే స్థితిలో లేడని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 328 నుంచి ఉన్న సెక్షన్ల కింద పిటిషను వేశాం. ఇప్పుడవి సురక్షా సంహితలో 367 నుంచి మొదలవుతాయి. కోర్టు డాక్టరు పరీక్షకు పంపింది. ఆసుపత్రిలో ఉంచాల్సినంత అవసరం లేదని, క్రమం తప్పకుండా బయటి రోగిగా వైద్యం చేయిస్తామని, తనకూ ఇతరులకూ హాని జరగకుండా చూసుకుంటామని తల్లి, మేనమామ రాసిచ్చాక విడిచిపెట్టారు. నెలనెలా ఇంజెక్షను పడుతోంది. ఇప్పుడు అదే ఊళ్లో రొయ్యల చెరువు దగ్గర మేత పనికి పోతున్నాడు. మీ ఇంట్లో కూడా పాత చీటీలు, ఆర్‌ఎంపీ రాసిన తెల్ల కాగితాలైనా సరే, భూతవైద్యుడి దగ్గరకు వెళ్లిన సంగతైనా సరే, తేదీలతో ఒకచోట పెట్టండి.

తాగిన మత్తులో చేశాను కాబట్టి నేరం కాదు అనడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. తనంతట తాను తాగినవాడికి ఆ రక్షణ లేదు. జబ్బు వల్ల చేస్తున్న పనేమిటో తెలియని స్థితి అన్నది వేరే విషయం, దాన్ని వైద్య ఆధారాలతో నిరూపించాలి. మీ కేసులో అంత దూరం పోవాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

"పిచ్చి అని కోర్టు కాగితం మీద ఎక్కితే ఇంట్లో ఆడపిల్ల సంబంధాలు చెడతాయి" అని మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అంటారు. వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 చట్టం ఇచ్చింది. ఊళ్లో అరెస్టు సంగతి ఎలాగూ తెలిసిపోయింది. ఇప్పుడు దాచడం వల్ల నష్టపోయేది మీ తమ్ముడొక్కడే.

ప్రైవేటు సెంటర్ల గురించి రెండు మాటలు. మంచివి ఉన్నాయి. గొలుసులు వేసి, కొట్టి, ఫోను కూడా మాట్లాడనివ్వని చోట్లూ ఉన్నాయి. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి, మానసిక వైద్యుడు ఏ రోజుల్లో వస్తారో అడగండి. "మూడు నెలలు ఎవరూ చూడకూడదు" అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

బెయిలు వచ్చిన రోజు కూడా మొదటి మూడు రోజులంత ప్రమాదకరమైనదే. విడుదల కాగితం చేతిలో ఉంటుంది, మందుల చీటీ ఉండదు. జైల్లో ఏం మాత్రలు వేశారో, ఎంత వేశారో రాసిమ్మని వైద్యుణ్ణి అడిగి తీసుకోండి. గేటు దగ్గర స్నేహితుల బైకు కంటే ముందు మీరుండాలి. నొప్పి మాత్రల పేరుతో ట్రమడాల్ లాంటివి వాడే అలవాటున్నవాళ్లకైతే ఇంకో ముప్పుంది. లోపల కొన్ని వారాలు ఆగేసరికి ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, బయటికొచ్చి పాత మోతాదే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. విడుదలైన మొదటి రెండు వారాల్లో ఇలాంటి మరణాలు ఎక్కువని చాలా దేశాల్లో తేలింది. మీ తమ్ముడు మాత్రలు కూడా వాడేవాడేమో అడిగి తెలుసుకోండి.

కాకినాడ తీసుకెళ్తే తిరుగు ప్రయాణం గురించి కూడా ఆలోచించండి. ఎదుర్లంక వంతెన మీదుగా వస్తే దారిలో యానాం తగులుతుంది, అక్కడ మందు చవక, దుకాణాలు రోడ్డు పక్కనే. మొదటి నెలలు చుట్టైనా సరే రావులపాలెం మీదుగా రండి. బెయిలు సంక్రాంతి ముందు వస్తే ఆ నాలుగు రోజులూ కోడిపందేల బరులు లేని చోట, పిన్నిగారింట్లోనో ఎక్కడో ఉంచండి.

ఇంత పని ఒక అక్క తలకెత్తుకోవాల్సి రావడం నాకు బాధగానే ఉంటుంది. అమెరికాలో మయామీలో మొదటి డ్రగ్ కోర్టు 1989లో మొదలైంది. అక్కడ నిందితుడు మాటిమాటికీ అదే జడ్జి ముందుకు వచ్చి వైద్యం ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, కోర్టుకూ చికిత్సా కేంద్రానికీ మధ్య తిరిగే సిబ్బంది ఉంటారు. పోర్చుగల్ 2001 నుంచి పది రోజుల వాడకానికి మించని మత్తుమందుతో దొరికినవాళ్లను క్రిమినల్ కోర్టుకు కాకుండా ఒక కమిషను ముందుకు పంపుతోంది. మన 64ఏ కూడా 1989 సవరణతో వచ్చిందే. సెక్షను ఉంది గానీ దాన్ని నడిపే మనిషి లేడు. రిమాండు వేసే మెజిస్ట్రేటు కోర్టు దగ్గర వారానికి ఒక రోజైనా మానసిక వైద్యుడు, ఒక సామాజిక కార్యకర్త కూర్చుంటే అమలాపురం, భీమవరం, తణుకు లాంటి చోట్ల ఎన్నో కేసులు మొదటి వాయిదాలోనే దారిన పడతాయని నా నమ్మకం. కేంద్రం కోసం ఎయిమ్స్ చేసి 2019లో ఇచ్చిన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగిలినవాళ్లలో కొందరికి డాక్టరు ఎదుట కూర్చునే మొదటి అవకాశం కేసు రూపంలోనే వస్తుంది. దాన్ని పోగొట్టడం అన్యాయం.

లాయరు ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. కస్టడీలో ఉన్న మనిషికి, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100కి ఫోను చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయసేవా కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. వైద్యం సలహాకు టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు వ్యసనాలకు 14446.

వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ ప్రతి, జైల్లో ఇచ్చిన అర్జీ మీద సంతకం ఉన్న కాగితం, పాత ఆసుపత్రి చీటీలు, తమ్ముడి ఆధార్, మీ నాన్నగారి ఆధార్ తీసుకెళ్లండి. మీ నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి, వైద్యం చేయిస్తామన్న హామీ మీద ఆయన సంతకం అడగవచ్చు. జైలు దగ్గర అర్జీ తీసుకోకపోతే పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో చెప్తాను.